సంఘం పుస్తకంలో నా వేలిముద్ర

సభకు అధ్యక్షత వహిస్తున్న మాజీ సర్పంచ్ వైకుంఠరావు గారికి, ఇరవై ఏడేళ్ళు మన గరువుపేట బాప్టిస్టు సంఘాన్ని మోసి ఈ రోజు దించుకుంటున్న మన పాస్టరు దేవరాజు అయ్యగారికి, ఆ బరువులో సగం మోసి కూడా ఏ కాగితంలోనూ పేరు రాయించుకోని అమ్మగారికి, రేపటి నుంచి ఆ కుర్చీలో కూర్చోబోయే కొత్త అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వాళ్ళకు, పలాస నుంచి, నందిగాం నుంచి పనులు మానుకుని వచ్చిన బంధువులకు, వెనక వరసల్లో కూర్చుని గిన్నెల చప్పుడుకే చెవి పెట్టిన వాళ్ళకు కూడా నా వందనాలు. (నవ్వులు)

నా పేరు జ్ఞానసుందరి. డెబ్బై ఆరేళ్ళు. ఈ సంఘంలో బతికున్న వాళ్ళలో పెద్దదాన్ని కాబట్టి రెండు మంచి మాటలు చెప్పమన్నారు. నాకు చదువు రాదు. నాలుగు సాయంత్రాలు కూర్చుని నేను చెబితే నా మనవరాలు కెజియా రాసింది. నా మాట మా పేట మాట. దాన్ని పుస్తకంలో మాటగా సర్ది నాకు చదివి వినిపించింది. పాటల పుస్తకం మొత్తం విని నేర్చుకున్నదాన్ని, ఇది నోటికి పట్టడానికి ఎంతసేపు? ఇందులో తప్పులుంటే కెజియావి. కోపముంటే నాది. (నవ్వులు)

ముందు నా చేతులు చూడండి. పన్నెండో ఏట నుంచి పలాసలో జీడిపిక్కలు కొట్టాను. పిక్క తొక్కలో నూనె ఉంటుంది, అది చర్మాన్ని తింటుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా ఆగదు. యాభై ఏళ్ళు తిన్నాక నా వేళ్ళకు గీతలు మిగల్లేదు. వైకుంఠరావు గారూ, మీరు సర్పంచ్‌గా ఉన్నప్పుడు రేషను యంత్రం ముందు నన్ను మూడుసార్లు నిలబెట్టి, “ఓలమ్మా, మనిసివి నువ్వే గానీ, యేలు నీది కాదంటందే యీ మిసను” అన్నారు, గుర్తుందా? (వైకుంఠరావు గారు తల ఊపుతారు. నవ్వులు) ఆ వేలి సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది. గుర్తుపెట్టుకోండి.

దేవరాజు అయ్యగారి మంచి చెప్పమంటే నా దగ్గర లేక కాదు. తిత్లీ తుఫానులో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు పడిపోయి ఊరికి నీడ అనేదే లేకుండా పోయినప్పుడు, ఈ గుడిలోనే పొయ్యి పెట్టి, కులం అడక్కుండా, సంఘం అడక్కుండా పదకొండు రోజులు అన్నం వండించారు. మా పక్కింటి అమ్ములు కిడ్నీలు పోయి డయాలిసిస్‌కి వెళ్ళినన్నాళ్ళూ వారానికి రెండుసార్లు తన స్కూటరు మీద తీసుకెళ్ళారు. అమ్ములు వాంతి ఆయన చొక్కా మీద పడితే, “పర్లేదమ్మా, ఆదివారానికి ఇంకోటుంది” అన్నారట. అమ్ములే చెప్పింది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇవన్నీ నిజాలు. నేను వీటిని తక్కువ చేయడానికి లేవలేదు.

ఇంకో మంచి కూడా చేసేవారు. మాలాంటి చదువు రాని వాళ్ళ కాగితాలు చదివి పెట్టేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో కుర్చీ వేసుకునేవారు. పింఛను కాగితం, బ్యాంకు కాగితం, ఆసుపత్రి కాగితం పట్టుకుని మేం వరసలో నిలబడేవాళ్ళం. ముఖ్యంగా ఆసుపత్రి కాగితం. మన ఉద్దానంలో రక్తం పరీక్ష చేయించుకుని వచ్చిన మనిషి ముఖం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఒకరు పోయారు, లేదా పోతున్నారు. అందుకే కాగితంలో ఎన్ని వరసలున్నా మనందరి కళ్ళూ ఒక్క వరస మీదే పడతాయి. చదువు రాని నాకే ఆ పేరు వచ్చు. క్రియాటినిన్. కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే అంకె. అది ఒకటి దగ్గర ఉంటే, దేవుడు చల్లగా చూశాడని కాగితం మడిచేస్తాం. మిగతా వరసలు ఎవరికి కావాలి?

నా కొడుకు ప్రదీప్ కుమార్ కాగితం కూడా అలాగే మడిచారు.



కొత్త అయ్యగారికి తెలియదు కాబట్టి చెబుతాను. ప్రదీప్ నాకు ఒక్కడే. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఉడకబెట్టే డ్రమ్ము దగ్గర పని. ముప్పై అయిదేళ్ళకే ముసలివాడిలా నడుము పట్టుకుని లేచేవాడు. ఎముకల్లో నొప్పి అనేవాడు. రెండుసార్లు మూత్రంలో రాళ్ళు పడ్డాయి. ఊరంతా ఉద్దానం కిడ్నీ జబ్బే అంది. తర్వాత ఒక మధ్యాహ్నం, పనిలోంచి ఇద్దరు పట్టుకుని తెచ్చారు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి దూసుకుపోయే నొప్పి. పడుకోలేడు, మోకాళ్ళ మీద ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గేది. పసరు వాంతులు. నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాం. ఎక్కడిదో చెప్పను, ఆ డాక్టరు ఇప్పుడు అక్కడ లేడు. క్లోమం వాచింది అన్నాడు. క్లోమం అంటే పొట్ట వెనకాల ఉండే, తిన్నది అరగడానికి రసం పోసే అవయవం. డాక్టరు వాడిని అడిగిన మొదటి ప్రశ్న, “రోజుకెంత తాగుతావు?”

“నాను తాగను బాబూ.”

“అందరూ అదే చెబుతారు.”

అంతే. కాగితం మీద తాగుడు అని రాశాడు. కోడలు అక్కడే నిలబడి, “నా మొగుడు తాగడండి, నాను సెప్తన్నాను కదా” అని మూడుసార్లు అంది. ఇక్కడే ముందు వరసలో కూర్చుంది, అడగండి. ఎవరూ వినలేదు. అత్తగారినైన నేను కూడా “నువ్వూరుకోయే” అన్నాను.

ఆ ఆదివారం ఆ కాగితాలు తెచ్చి వరండాలో అయ్యగారి చేతిలో పెట్టాను. రెండు కాగితాలు. ఒకటి రక్తం పరీక్షది, దాన్నిండా అంకెలు. అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని వేలితో వెతికి, “క్రియాటినిన్ ఒకటి. దేవునికి స్తోత్రం” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళం స్తోత్రం అన్నాం. నేను ఏడ్చాను కూడా, సంతోషంతో. రెండో కాగితం డాక్టరు రాసింది. అది మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ చదివారు. చదివాక కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. మొదటి కాగితంలో ఒక్క వరస, రెండో కాగితం మొత్తం. అయ్యగారూ, మీ మీద నాకున్న ఫిర్యాదు ఇంతే, ఇంతకన్నా పెద్దది లేదు.

హిందూ పెద్దలు కూడా వచ్చారు కాబట్టి చెబుతాను. నెలలో మొదటి ఆదివారం మేం ప్రభువు బల్ల ఆచరిస్తాం. రొట్టె, ద్రాక్షరసం అందరం పంచుకుంటాం. తాగుబోతుకి, వ్యభిచారికి ఆ బల్ల ఉండదు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్ళీ రానిస్తారు. రెండోసారి నొప్పి వచ్చి ప్రదీప్ ఆసుపత్రిలో పడి లేచాక సంఘ కూటం పెట్టారు. తాగుడు మానలేదని, ఒప్పుకునేవరకు వాణ్ణి బల్ల నుంచి నిలిపివేస్తున్నామని సంఘం తీర్మానాల పుస్తకంలో రాశారు.

వాడు ఒప్పుకోలేదు. నేనే బతిమాలాను. “ఒప్పీసుకోరా నాయినా, ఒక్క మాటే కదా. నలుగురి నోరూ మూతబడతాది, బల్లకి వత్తావు.”

“సెయ్యని పాపం ఎలగ ఒప్పుకోనే అమా?”

“మరి డాక్టరు అబద్ధం రాత్తాడేటి?”

వాడు లేచి కూర్చున్నాడు. తర్వాత అడిగాడు. “మొన్న మజ్జానం నాను పడుకుంటే, వంగి నా నోరు వాసన సూసినావు. నాను నిద్దరోనేదు. సెప్పు, ఏటొచ్చింది వాసన?”



జీడితొక్క నూనె వాసన వచ్చింది. అంతే వచ్చింది. అయినా నేను ఆ మాట చెప్పకుండా లేచి వాడికి బిళ్ళ తెచ్చి ఇచ్చాను.

ఆ బిళ్ళ సంగతి కూడా ఈ సభలోనే చెప్పాలి. మా పేటలో మాత్రలు చింతకాయ పచ్చడిలా ఇల్లు మారుతుంటాయి. ఒకరికి రాసినవి మిగిలితే పక్కింటికి వెళ్తాయి. కిడ్నీ జబ్బు వాళ్ళకు కాల్షియం తగ్గిపోతుందట, అందుకని అమ్ములుకి ఆ బిళ్ళలు రాశారు. అవి పట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది. “అప్పా, ఇవి సగం మిగిలిపోతన్నాయి. బాబుకి ఎముకలు నొప్పంటన్నావు కదా, ఎయ్యి. ఎముకలకి బలమంట.” పాపం, అమ్ములు మంచే కోరింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పాలతో కలిపి ఏడు నెలలు వేశాను. వాడు వద్దంటే తిట్టి వేశాను. ఈ చేత్తోనే.

మొదటి ఆదివారాల్లో వాడు గుడిలోపలికి వచ్చేవాడు కాదు. బయట సైకిళ్ళ దగ్గర నిలబడి పాట అందుకునేవాడు. వాడి గొంతు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, కిటికీలోంచి లోపలికి వినిపించేది. ఆ గొంతు వింటూ నేను లోపల రొట్టె తిన్నాను. నమిలి మింగాను.

మూడోసారి నొప్పి వచ్చినప్పుడు పలాసలో చేతులెత్తేశారు. శ్రీకాకుళం తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సులో టెక్కలి దాకా మాట్లాడాడు. “కూతురికి నోటు పుస్తకాలు కొనాల” అన్నాడు. కోటబొమ్మాళి దాటాక మాట్లాడలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు. కెజియాకి అప్పుడు పన్నెండు.

అయ్యగారే సమాధి చేశారు, కాదనను. ప్రార్థన చేశారు, మట్టి వేశారు. కానీ ఈ సంఘంలో ఎవరు పోయినా “ప్రభువునందు నిద్రించిన మన సహోదరుడు” అంటారు కదా, నా కొడుకు దగ్గర ఆ మాట రాలేదు. “ఈ మనిషి” అన్నారు. మీరు మరిచిపోయి ఉంటారు అయ్యగారూ. నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను కాబట్టి నాకు గుర్తుంది.

(వెనక నుంచి ఎవరో “ఇవాళెందుకమ్మా ఇయ్యన్నీ” అంటారు)

ఇవాళెందుకా? రేపు ఆయన ఉండరు కాబట్టి. కూర్చో నాయనా. నీ పెళ్ళి విందుకి జీడిపప్పు ఒలిచింది కూడా నేనే. (నవ్వులు) వైకుంఠరావు గారూ, ఆ గంట మీద నుంచి చెయ్యి తీయండి. నేను త్వరగానే ముగిస్తాను.

రెండేళ్ళ కిందట కెజియాకి నడుము నొప్పి వచ్చింది. పందొమ్మిదేళ్ళ పిల్లకి రాళ్ళు. తర్వాత అదే పొట్ట నొప్పి, అదే ముందుకు వంగడం, అదే పసరు వాంతి. ఆ పిల్ల అలా వంగి కూర్చోవడం చూసి నా కోడలు ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది. ఈసారి డాక్టరు ఎంత తాగుతావని అడగలేదు. ఆడపిల్ల, అందులోనూ టెక్కలిలో డిగ్రీ చదువుతున్న పిల్ల, ఎలా అడుగుతాడు? కారణం తెలియడం లేదు, విశాఖ తీసుకెళ్ళండి అన్నాడు. నా కొడుకు దగ్గర కారణం మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది అందరికీ. నా మనవరాలి దగ్గర ఎవరికీ తెలియలేదు, అందుకని వెతికారు. మగపిల్లవాడై ఉంటే అదీ పోయేది.

విశాఖలో ప్రమోదిని గారని లేడీ డాక్టరు. ఆమె అడిగింది, “ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అమ్మా?” నేను సంచిలోంచి కాగితాల కట్ట తీశాను. ఏడేళ్ళు నా ట్రంకు పెట్టెలో దాచాను. చదవడం రాని వాళ్ళం కాగితం పారేయం, ఏది ముఖ్యమో తెలియదు కదా. ఆమె రక్తం పరీక్ష కాగితం విప్పి పైనుంచి కిందికి, ప్రతి వరసా చదివింది. ఒక వరస దగ్గర ఆగిపోయింది.

“ఇది ఎవరూ చూడలేదా?”

“ఏటది తల్లీ?”

“కాల్షియం. పదిన్నర దాటకూడదు. పదమూడుంది. క్లోమం వాచిన రోజుల్లో మామూలుగా కాల్షియం పడిపోతుంది. ఆ రోజు కూడా ఇంత ఉందంటే...” అని ఆగి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. మన మెడలో థైరాయిడ్ వెనకాల కందిగింజంత గ్రంథులు నాలుగుంటాయి. పారాథైరాయిడ్ అంటారు. రక్తంలో కాల్షియం ఎంతుండాలో చూసుకోవడం వాటి పని. వాటిలో ఒకటి పెరిగి, ఆగమన్నా ఆగకుండా పనిచేస్తే ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తుంది. అందుకే ఎముకలు నొప్పి. అందుకే రాళ్ళు. అందరికీ కాదుగానీ కొందరికి ఆ కాల్షియమే క్లోమాన్ని వాపెక్కిస్తుంది. కొన్ని ఇళ్ళలో ఇది తండ్రి నుంచి బిడ్డకు దిగుతుందట. “చనిపోయిన మనిషికి నేను పరీక్ష చేయలేనమ్మా. కానీ కూతుర్ని, ఈ కాగితాన్ని పక్కపక్కన పెడితే నేను వేరేది అనుకోలేను. తాగుడు వల్ల కాల్షియం ఇలా పెరగదు” అంది.

“మరి నానేసిన బిళ్ళల మాటేటి, తల్లీ? ఏడు నెలలు ఏసినాను.”

“మీకు తెలియదు కదమ్మా” అంది. నేనడిగింది అది కాదు. ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

కెజియా మెడలోంచి ఆ గ్రంథి తీశారు. సీసాలో చూపించారు. జీడిబద్దంత ఉంది. నా జన్మంతా ఒలిచిన బద్దంత. అది తీయగానే కాల్షియం దిగింది, ఇప్పటిదాకా నొప్పి మళ్ళీ రాలేదు. ఇదిగో, మెడ మీద గీతతో నా పక్కన నిలబడింది. వీళ్ళ నాన్నకీ ఇంతే పని. ఒక కోత, నాలుగు కుట్లు.

తిరిగి వచ్చాక అయ్యగారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. పుస్తకంలో మాట దిద్దమన్నాను. మొదటిసారి, “పాత కమిటీ రాసింది, ఇప్పుడెలా దిద్దుతామమ్మా” అన్నారు. రెండోసారి, “నీ కొడుకు దేవుడి దగ్గర ఉన్నాడు, పుస్తకంలో ఏముంటే ఏం?” అన్నారు. పుస్తకంలో ఏమున్నా పర్లేదంటే మరి రాయడమెందుకు అయ్యగారూ? ఈ రెండేళ్ళూ మొదటి ఆదివారం పళ్ళెం నా దగ్గరికి వస్తే పక్కకి పంపేస్తున్నాను. పళ్ళు లేక రొట్టె నమలలేకపోతోందని కొందరనుకున్నారు. (కొద్దిగా నవ్వులు) నవ్వండి. నా కొడుకు నిలబడిన చోట నేనూ నిలబడ్డాను, అంతే.

ఈ సాయంత్రం ఆ పుస్తకం కొత్త అయ్యగారి చేతికి వెళ్తుంది. అదిగో, శాలువా పక్కన, దండ కింద పెట్టారు. రేపు ఆయన ఆ పేజీ తిప్పితే, ప్రదీప్ కుమార్ అనే తాగుబోతు ఒకడు ఈ సంఘంలో ఉండేవాడని చదువుకుంటారు. కెజియా పెళ్ళికి సంఘం కాగితం కావాల్సి వచ్చిన రోజు తాగుబోతు కూతురని చదువుతారు. దేవరాజు అయ్యగారి చేతిరాత అది. మీరుండగానే, మీ చేత్తోనే అది పోవాలి.

ఇప్పుడు నా వేలి సంగతి. కిందటి నెల గుడి తుడుస్తూ కెజియా చేత ఆ పేజీ తీయించాను. కింద అందరి సంతకాలు ఉన్నాయి. సంతకాలన్నీ నా కంటికి ఒకేలా ఉంటాయి. చదువు రాని వాళ్ళవి నాలుగు వేలిముద్రలు. మూడింట్లో గీతలు సన్నగా, చెట్టు మొదలు కోస్తే కనిపించే వలయాల్లా ఉన్నాయి. నాలుగోది ఒట్టి సిరా మచ్చ. గీత లేదు, వలయం లేదు. ఈ జిల్లాలో ఏ యంత్రం పట్టుకోలేని వేలిని నేను చూడగానే పట్టుకున్నాను.

ఆ కూటంలో నేనున్నాను. చదవడం రాదు కాబట్టి ఏం రాశారో తెలియక వేలు పెట్టానని ఇన్నేళ్ళూ కోడలికి చెప్పాను, నాకు నేను కూడా చెప్పుకున్నాను. అది అబద్ధం. కార్యదర్శి గారు గట్టిగా చదివి వినిపించారు. నా చెవులు బాగానే ఉన్నాయి. నా కొడుకు తాగుబోతని విన్నాను. విని వేలు పెట్టాను.



కాబట్టి అయ్యగారూ, మీ సంతకం కన్నా ముందు నా మచ్చ కొట్టేయండి. నాకు అక్షరం రాదుగానీ కొట్టివేత ఎలా ఉంటుందో తెలుసు, అడ్డంగా ఒక గీత. తర్వాత మీ మనసుకు తోచిన మాట రాయండి, కెజియా బిగ్గరగా చదువుతుంది. అందులో సహోదరుడు అనే మాట ఉందో లేదో నేను వింటాను.

సభలో ఉన్న మీ అందరికీ ఒకటే చెబుతాను. ఇంట్లో ఎవరైనా అలా ముందుకు వంగి కూర్చుంటే వాళ్ళ నోరు వాసన చూడకండి. కాల్షియం ఎంతో అడగండి. పక్కింటి బిళ్ళ వేయకండి. కాగితం చదివేవాళ్ళు ఒక్క వరసతో మడవకండి.

రెండు మాటలకని లేచి ఇంతసేపు తీసుకున్నాను. మధ్యలో లేచిపోకుండా విన్నారు, మీకు కృతజ్ఞతలు. అమ్ములుని స్కూటరు మీద కూర్చోబెట్టుకున్న చేతులకు కృతజ్ఞతలు, తుఫానులో మాకు అన్నం పెట్టిన చేతులకు కృతజ్ఞతలు. ఆ చేతులకే ఇప్పుడు పెన్ను ఇస్తున్నాను. కెజియా, తీసుకెళ్ళి అయ్యగారికి ఇయ్యి. నేను కూర్చోను. ఇక్కడే నిలబడి ఉంటాను.

వెళ్ళే మనిషికి సంఘమే సెలవు చెప్పాలి. ఆ గీత పడనివ్వండి అయ్యగారూ. పడ్డాక ఈ హాల్లో అందరికన్నా ముందు నేనే చెబుతాను, సెలవు.